మా బావ పలకరింపులు

మా ఇంట్లో చావు కబుర్లు కాఫీ కంటే ముందు వచ్చేవి. తెల్లారీ తెల్లారకుండానే ఫోను మోగేది. మా బావ మంచం మీద నుంచి లేవకుండానే ఫోనెత్తి, "ఎవరు? ఎప్పుడు? ఎత్తేది ఎన్నింటికి?" అని అదే వరసలో అడిగేవాడు. ఆ చివరి ప్రశ్నకి వచ్చే జవాబును బట్టి నా వంటిల్లు నడిచేది. పొద్దున్నే ఎత్తేస్తారంటే ఆ పూట టిఫిను లేనట్టే. కొడుకు ఎక్కణ్ణుంచో రావాలి, మధ్యాహ్నం దాకా ఉంచుతారంటే ఇంత ఉప్మా అయినా నోట్లో వేసుకుని బయల్దేరేవాడు.

బావ అంటే నా మొగుడే. మాది మేనరికం. మా అమ్మకి స్వయానా అన్నగారి కొడుకు. పెళ్ళికి ముందు ఏమని పిలిచానో పెళ్ళయ్యాకా అలాగే పిలిచాను, ఎమ్మెల్యే అయ్యాక కూడా మార్చలేదు. నలుగురిలో 'సార్' అంటే హుందాగా ఉంటుందని పార్టీవాళ్ళు ఒకరిద్దరు సలహా ఇచ్చారు. "మరి ఆ సారుకి పెరట్లో ఏణ్ణీళ్ళు ఎవులు కాస్తారు?" అని అడిగాను. మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

ఆ వేణ్ణీళ్ళ సంగతి కాస్త చెప్పాలి. బొబ్బిలికీ శ్రీకాకుళానికీ మధ్య మా పల్లెల్లో నాయకుడన్నవాడు రోడ్డు వెయ్యకపోయినా, పింఛను ఇప్పించకపోయినా జనం ఎలాగో సర్దుకుంటారు. "మా అయ్య పోతే గుమ్మంలోకి రానేదు" అన్నది మాత్రం మనవల దాకా చెప్పుకుంటారు. అందుకని రాజకీయాల్లో ఉన్నవాడికి పలకరింపులే అసలు ఉద్యోగం. మనిషి పోయిన రోజు శవాన్ని ఎత్తకముందే దండ పట్టుకుని వెళ్ళాలి. పెద్దకర్మం నాడు మళ్ళీ వెళ్ళి ఫోటోకి దండ వెయ్యాలి. చావింటి నుంచి లేచేటప్పుడు వెళ్ళొస్తానని చెప్పకూడదు, చెప్పకుండా వచ్చేయాలి. ఊరూరా తిరిగి "మళ్ళీ వస్తాను, మళ్ళీ వస్తాను" అని చెప్పడం అలవాటైన మనిషికి ఆ మాట మింగుకుని లేవడం ఎంత కష్టమో మా బావనే అడగాలి.

వచ్చాక వీధి గుమ్మంలోంచి ఇంట్లోకి రాకూడదు. పెరటి దారిన వచ్చి, నెత్తి మీద నీళ్ళు పోసుకుని, బట్టలు అక్కడే తడిపేసి, అప్పుడు లోపలికి రావాలి. మైల కదా. రోజుకి ఒక చావైతే ఒక స్నానం. ఊళ్ళో జ్వరాలు తిరిగే రోజుల్లో, ముసలివాళ్ళు రాలిపోయే చలికాలంలో, పొద్దున్నొకటి, మధ్యాహ్నమొకటి, చీకటి పడేవేళకి ఇంకొకటి. పెరట్లో కాగు కింద మంట ఆరేది కాదు. మా బావకి జలుబు తగ్గేది కాదు. తెల్ల ఖద్దరు బట్టలకి గంజి పెట్టి పెట్టి నా వేళ్ళ సందులు పాసిపోయేవి. వాళ్ళ ఇళ్ళల్లో మనిషి పోయిన మాట నిజమే, కానీ ప్రతి చావుకీ ఎంతో కొంత నేనూ పోయేదాన్ని.

మా మామయ్య ఊరికి ప్రెసిడెంటు. ఆయన తర్వాత మా బావ ప్రెసిడెంటు. ఆ పైన మండలానికి పెద్ద. అక్కడితో ఆగిపోవలసిన మనిషే. కానీ అసెంబ్లీ ఎన్నికలొచ్చినప్పుడు మా నియోజకవర్గంలో ఇద్దరు పెద్దవాళ్ళు టికెట్టు నాకంటే నాకని కొట్టుకున్నారు. ఎద్దులు కుమ్ముకుంటే లేగదూడ కాళ్ళు విరుగుతాయంటారు. మా ఇంట్లో మాత్రం లేగదూడకే గడ్డి దొరికింది. వాళ్ళిద్దరిలో ఎవరికిచ్చినా రెండోవాడు ఓడిస్తాడని భయపడి పార్టీ పెద్దాయన ఇద్దర్నీ పక్కన పెట్టి, ఎవరితోనూ తగువు లేనివాడని మా బావకి ఇచ్చాడు. ఎవరితోనూ తగువు లేకపోవడం ఒక అర్హత అని నాకు అప్పుడే తెలిసింది. తగువులన్నీ నాతోనే పెట్టుకునేవాడు కాబట్టి బయట మిగిలేవి కావేమో.

గెలిచాడు. అయిదేళ్ళు ఎమ్మెల్యే. ఆ అయిదేళ్ళ గురించి మా చుట్టాలు ఇప్పటికీ అదొక స్వర్గమన్నట్టు మాట్లాడతారు. నాకు గుర్తున్నది టీ గ్లాసులు. కడిగినకొద్దీ వచ్చేవి. వసారాలో ఎప్పుడూ ఎవరో ఒకరు కూర్చుని ఉండేవారు. ట్రాన్స్‌ఫర్ కావాలని ఒకరు, గొడవలో స్టేషన్లో పెట్టిన తమ్ముణ్ణి విడిపించమని ఒకరు, ఏ పనీ లేకపోయినా ఎమ్మెల్యే గారింట్లో కూర్చున్నామని చెప్పుకోవడానికి ఒకరు. నా ఇంట్లో నేను జుట్టు ముడేసుకుందామన్నా చాటు దొరికేది కాదు. అసెంబ్లీ అప్పటికింకా హైదరాబాదులోనే ఉండేది. అక్కడి క్వార్టర్లో నేను ఒకసారి వెళ్ళి కొన్నాళ్ళున్నాను. అక్కడా టీ గ్లాసులే.

అసెంబ్లీలో మా బావ మాట్లాడింది మా గెడ్డ మీద వంతెన గురించి. వానాకాలం గెడ్డ పొంగితే అవతలి ఊళ్ళకి దారుండదు. పురిటి మనుషుల్ని తలుపు చెక్క మీద పడుకోబెట్టి దాటించేవారు. ఆ మాట చెబుతుండగానే టైము అయిపోయిందని మైకు కట్ చేశారు. మేం ఇక్కడ టీవీ ముందు వీధి వీధంతా కూర్చుని చూస్తున్నాం. మా బావ పెదాలు కదులుతున్నాయి, మాట వినబడ్డంలేదు. అయినా చప్పట్లు కొట్టాం. వంతెన మంజూరైంది, పునాదులు లేచాయి, ఈలోగా అయిదేళ్ళూ అయిపోయాయి. తర్వాత గెలిచినాయన దాన్ని పూర్తిచేసి తన పేరుతో రాయి పాతించుకున్నాడు. ఆ వంతెన దాటినప్పుడల్లా మా బావ కారు కిటికీలోంచి నీళ్ళ వైపే చూసేవాడు.

మొదటిసారి ఓడిపోయినప్పుడు ఇంటినిండా జనం వచ్చి ఏడ్చారు. రెండోసారి ఓడిపోయినప్పుడు కొందరొచ్చి టీ తాగి వెళ్ళారు. అప్పుడైనా మానేస్తాడనుకున్నాను. పార్టీ పెద్దాయన పిలిచి, "మీరు జనంలో ఉండండి, మిగతాది నాకు వదిలేయండి" అన్నాడట. ఆ ఒక్క ముక్క పట్టుకుని మా బావ ఏళ్ళకేళ్ళు జనంలోనే ఉన్నాడు. పదవి పోయాక ఎవరికీ ఉద్యోగం ఇప్పించలేడు, స్టేషన్‌కి ఫోను చేస్తే ఎస్సై ఎత్తడు. చేతిలో మిగిలింది పలకరింపులే. దాంతో అవి రెట్టింపయ్యాయి.

ప్రతి ఊళ్ళోనూ మనిషి పోగానే కబురందించడానికి ఒక కార్యకర్త ఉండేవాడు. అవతలి పార్టీకీ ఉండేవాడు. ఎవరు ముందు వెళ్ళి దండ వేశారన్నది మర్నాడు టీ కొట్టు దగ్గర చర్చ. ఆ పోటీలో ఒకసారి జరిగిన ముచ్చట మా వైపు ఇప్పటికీ చెప్పుకుంటారు. సముద్రం వైపు ఒక ఊళ్ళో పెద్ద కుటుంబం. ఇంటి పెద్దాయన మంచాన పడ్డాడు. పొద్దున్నే ఆ ఊరి కార్యకర్త ఫోను చేశాడు. "బాబూ, పెద్దాయన అయిపోనాడు. బేగి వచ్చీండి. అవతలోలికి ఇంకా తెల్దు."

మా బావ బంతిపూల దండ కొనుక్కుని ఆఘమేఘాల మీద వెళ్ళాడు. చూస్తే పెద్దాయన వసారాలో నులక మంచం మీద పడుకుని వీధిలోకి చూస్తున్నాడు. కళ్ళు చక్కగా తెరిచే ఉన్నాయి. మా బావ గబుక్కున దండ వెనక్కి దాచుకున్నాడు.

"ఒచ్చినావేటి బాబూ? కూకో. నాకింకా కొంచెం టైముంది" అన్నాడట ఆ ముసలాయన.

మా బావ ఏదో గొణిగాడు. ముసలాయన ఊరుకోలేదు. "ఆ ఎనకాతల దాస్తన్నావు, ఏటది? నాకేనా? ఏసీ మరి. పోనాక ఏస్తే నాకేటి తెలుస్తాది? ఇప్పుడేస్తే సూసుకుంటాను."

చేసేది లేక బతికున్న మనిషి మెడలో దండ వేసి దణ్ణం పెట్టి వచ్చాడు. బయటికొచ్చి కార్యకర్త మీద పడితే వాడు ఏమీ చలించలేదు. "ఆస్పత్రోలు ఇంటికి తీసుకెలిపోమన్నారు బాబూ. మీరొచ్చీసరికి అయిపోతాదనుకున్నాను. నిజంగా అయిపోయేదాకా ఆగితే అవతలోలు ముందొచ్చీరా?" అన్నాడు. వాడి లెక్క వాడిది. ఆ ముసలాయన దండ వేసిన వేళా విశేషమేమో లేచి తిరిగాడు, పోలింగు రోజున ఆటోలో వెళ్ళి ఓటు కూడా వేశాడు. అవతలి పార్టీకే వేశాడని వాళ్ళింటివాళ్ళే చెప్పారు.

నేను పడీ పడీ నవ్వాను. మా బావ నవ్వలేదు. ముందు రోజు చావు తాలూకు బట్టలు పిండుతూ అడిగాను, "ఇంత పరుగు ఎవులి కోసం బావా?" అని.

"ఆల్ల కోసమే."

"ఆల్ల కోసమైతే అవతలోలి కన్నా ముందే ఎందుకెల్లాల? ఎనకాతల ఎల్తే పోయినోడు ఏటైనా అనుకుంటాడేటి?"

"నీకు తెల్దు. ఒక పెద్దమనిసి గుమ్మంలోకొచ్చి నిలబడితే ఆ ఇంటికి బలం."

"బలం ఆ ఇంటికి కాదు, నీ ఓట్ల డబ్బాకి" అన్నాను.

మా తగువంతా ఇదే. ముప్పై ఏళ్ళ కాపురంలో ఎన్ని రకాలుగా తగువులాడుకున్నా చివరికి ఇక్కడికే వచ్చేది. ఆయన మనుషుల కోసం వెళ్తున్నానంటాడు. నేను ఓట్ల కోసం వెళ్తున్నావంటాను. ఆయన మాటే నిజం కావాలని నాకూ ఉండేది. లేకపోతే పెరట్లో నేను కాల్చిన కట్టెలన్నీ దేని కోసం? కానీ నమ్మడానికి నాకేమీ దొరికేది కాదు. ఆ తర్వాత మా అమ్మ పోయింది.

మా అమ్మ ఎచ్చెర్ల దగ్గర మా తమ్ముడింట్లో పోయింది. నేను ముందు రోజు నుంచీ అక్కడే ఉన్నాను. మా బావ ఆ పొద్దున్న వేరే ఊళ్ళో ఎవరో పోతే వెళ్ళాడు. అక్కణ్ణుంచి అటే వచ్చాడు, కార్లు రెండు, వెనక ఓ పదిమంది. మా అమ్మ ఆయనకి మేనత్త. తల్లి చిన్నప్పుడే పోతే చంకనేసుకుని తిప్పిన మనిషి. పాలు మరిగించి ఊదుకుంటూ పట్టించిన మనిషి. మా కంటే ఆయనకే ముందు వడ్డించేది, నాకు అప్పట్లో ఒళ్ళు మండేది.

కారు దిగాడు. పక్కనున్నవాడు దండ అందించాడు. వేశాడు, దణ్ణం పెట్టాడు, ఒక్క నిమిషం తలొంచుకుని నిలబడ్డాడు. తర్వాత గోడవార కూర్చున్న ఆడవాళ్ళ వరస దగ్గరికి వచ్చాడు. వరసలో మొదట ఉన్నది నేనే. నా రెండు చేతులూ తన చేతుల్లోకి తీసుకున్నాడు. "ధైర్నంగా ఉండాలమ్మా. పోయినోల్లని మనం తేలేం. ఏ అవసరమొచ్చినా ఇంటికొచ్చీండి. నేనున్నాను" అన్నాడు.

మా మరదలు ఏడుస్తున్నదల్లా ఆగిపోయింది. నేను చేతులు వెనక్కి తీసుకోలేదు.

"ఏ ఇంటికి రమ్మన్నావు బావా?" అని అడిగాను.

అప్పుడు నన్ను చూశాడు. ఆ ముఖం నేను మర్చిపోలేను. నిద్రలోంచి ఎవరో లేపినట్టు అయిపోయాడు. ఏదో అనబోయాడు, ఈలోగా వెనక నుంచి ఎవరో "బాబూ, అవతలోలి నాయకుడు కూడా వస్తన్నాడంట" అని చెవిలో చెప్పారు. వీధిలోకి వెళ్ళి ఆ అవతలి పార్టీ నాయకుడికి ఎదురెళ్ళి, కుర్చీ వేయించి, పక్కన కూర్చున్నాడు. మా అమ్మని ఎత్తేదాకా వాళ్ళిద్దరూ వర్షాల గురించి మాట్లాడుకున్నారు. మా బావ కంట తడి లేదు. పెద్దకర్మం అయ్యేదాకా నేను ఆయనతో మాట్లాడలేదు. నాకు కోపం కంటే భయమేసింది. చిన్నప్పుడు నాతో పాటు జీడిమామిడి తోటలో పిక్కలేరి, కాల్చుకుతిని, మూతి కాలి ఏడ్చిన మా బావ ఈ మనిషిలో ఎక్కడైనా మిగిలున్నాడా, లేక తడిబట్టలతో పాటు కొంచెం కొంచెంగా నేనే పెరట్లో పిండేశానా అని.

ఆ మధ్య గుండెకి స్టెంటు వేశారు. డాక్టరు తిరగొద్దన్నాడు. తిరగడం మానలేదు. ఎన్నికలు వస్తున్నాయి, ఈసారి టికెట్టు ఖాయమని పార్టీ పెద్దాయన భుజం తట్టాడట. మా బావ విజయవాడ వెళ్ళి హోటల్లో పడిగాపులు పడ్డాడు. నేను ఇక్కడ టీవీ ముందు. అభ్యర్థుల పేర్లు కింద అక్షరాల్లో పోతున్నాయి. మా నియోజకవర్గం వచ్చింది, ఒక పేరు వచ్చింది, అది మా బావ పేరు కాదు. విశాఖపట్నంలో కాలేజీలున్న ఒక కుర్రాడి పేరు. మా గెడ్డ ఎటు నుంచి ఎటు పారుతుందో వాడికి తెలీదు.

కార్యకర్తలు వచ్చి వసారాలో కుర్చీలు విరగ్గొట్టారు. అదొక ఆచారం. టికెట్టు రానివాడి ఇంట్లో కుర్చీలు విరక్కపోతే వాడికి బలం లేదని అర్థమట. విరిగినవి నా కుర్చీలు. మా బావ తిరిగొచ్చి వాళ్ళనే సముదాయించాడు. మర్నాడు ఆ కుర్రాడు ఇంటికొచ్చి కాళ్ళకి దణ్ణం పెట్టాడు, మా బావ వాడికి కండువా కప్పాడు, ఫోటోలు తీసుకున్నారు. ఎన్నికలయ్యేదాకా ప్రచారం బండి మీద వాడి పక్కన నిలబడి ఎండలో చెయ్యి ఊపాడు. "ఎందుకు బావా?" అంటే, "మాటిచ్చీసినాను" అన్నాడు. ఎవరికిచ్చాడో ఏమని ఇచ్చాడో నేను అడగలేదు. అడగడానికి ఓపిక లేదు.

కుర్రాడు గెలిచాడు. గెలిచి విశాఖపట్నం వెళ్ళిపోయాడు. ఇప్పుడు మా వైపు ఎవరు పోయినా వాడు ఫోనులో వీడియో పంపిస్తాడు. తెల్లచొక్కా వేసుకుని, చేతులు జోడించి, ఫలానా వారి మరణం నన్ను కలచివేసిందని చెబుతాడు. పేరు ఉన్న చోట మాత్రం గొంతు కొంచెం మారుతుంది, అది తర్వాత అతికిస్తారట. జనం దాన్ని నలుగురికీ చూపించుకుంటున్నారు. అందుకు వాళ్ళనీ ఏమీ అనలేం.

మా ఇంట్లో ఫోను మోగడం ఆగిపోయింది. కార్యకర్తలు ఒక్కొక్కరే ఆ కుర్రాడి వైపు సర్దుకున్నారు. దండ వేయించిన ఆ సముద్రం వైపువాడు మాత్రం ఇంటికొచ్చి చెప్పి వెళ్ళాడు. "ఏటనుకోకండి బాబూ, పిల్లలు గలోణ్ణి" అన్నాడు. మా బావ వాడికి టీ ఇప్పించాడు.

నేను పెరట్లో కాగు బోర్లించేశాను. విశ్రాంతి కావాలని ఎన్నాళ్ళు మొత్తుకున్నానో, అది వచ్చి వసారాలో కూర్చుంటే భరించలేకపోయాను. మా బావ అలవాటుగా తెల్లారకుండా లేచేవాడు. ఇస్త్రీ బట్టలు కట్టుకుని ఫోను పక్కన పెట్టుకుని కూర్చునేవాడు. పది దాటాక లోపలికి వచ్చి బట్టలు మార్చుకునేవాడు. ఆ బట్టలు మాయకుండానే ఉతుకుడికి వచ్చేవి. ఒకరోజు జంక్షన్‌లో ఎవరిదో శ్రద్ధాంజలి ఫ్లెక్సీ చూసి వచ్చాడు. "పెద్దకర్మం కూడా అయిపోనాది. మనకి సెప్పనేదే" అన్నాడు.

"ఎందుకు సెప్తారు? ఇప్పుడు నువ్వెవులు?" అనేశాను. అనకుండా ఉండాల్సింది. ఆయన వెళ్ళి మంచం మీద గోడవైపు తిరిగి పడుకున్నాడు.

ఈ వేసవి మొదట్లో గుండె చెకప్‌కి శ్రీకాకుళం వెళ్ళాం. డ్రైవరు మానేశాడు కాబట్టి ఆటో మాట్లాడుకున్నాం. డాక్టరు అన్నీ బాగానే ఉన్నాయని, ఎండలో తిరగొద్దని, మనసులో ఏమీ పెట్టుకోవద్దని చెప్పాడు. తిరిగి వస్తుంటే దారిలో, మెయిన్ రోడ్డుకి ఆనుకుని, ఒక చిన్న పేట. మొత్తం కలిపి పది పదిహేను ఇళ్ళు. ఒక ఇంటి ముందు పచ్చి వెదుళ్ళతో పాడె కడుతున్నారు. జనం పెద్దగా లేరు.

"ఆపు" అన్నాడు మా బావ.

"ఎవులు పోనారు?" అన్నాను.

"తెల్దు."

"తెల్దా? తెల్దంటే మరెందుకు దిగడం? ఎండలో తిరగొద్దని డాక్టరు సెప్పి ఇంకా గంటైనా కానేదు."

అప్పటికే దిగిపోయాడు. చేతిలో దండ లేదు, వెనక మనిషి లేడు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఇంకా తీరలేదు ఈ మనిషికి, ఇంకా వచ్చే ఎన్నికలు కనబడుతున్నాయి కాబోలు అనుకున్నాను. ఆటోలో కాసేపు బిగుసుకుని కూర్చున్నాను. ఎండ. ఆయన నడక తూలుతున్నట్టనిపించింది. తిట్టుకుంటూ నేనూ దిగి వెనకాలే వెళ్ళాను. మా చుట్టాలవి తప్ప మా బావ వెళ్ళిన చావింటికి నేను వెళ్ళడం అదే మొదలు. ఇన్నేళ్ళూ తడిబట్టలే చూశాను.

శవాన్ని ఇంటి ముందు నేల మీద పడుకోబెట్టారు. యాభై దాటని మగమనిషి. తల దగ్గర భార్య కూర్చుని ఉంది. ఏడ్చి ఏడ్చి ఆగిపోయినట్టుంది, ముఖం ఎండిపోయింది. కుర్చీలేవీ లేవు. మా బావ చెప్పులు విడిచి వెళ్ళి శవం కాళ్ళ దగ్గర నిలబడి దణ్ణం పెట్టాడు. ఎవరూ లేవలేదు, ఎవరూ దారి ఇవ్వలేదు. పాడె కడుతున్నవాళ్ళు ఒకసారి చూసి మళ్ళీ పనిలో పడ్డారు. అరుగు మీదున్న ముసలమ్మ ఒకావిడ కళ్ళకి చెయ్యి అడ్డం పెట్టుకుని చూసి, "పాత ఎమ్మెల్యే గోరు కాదేటి?" అంది.

ఆ మాటకి భార్య తలెత్తింది. మా బావ బట్టలు చూసింది, చెప్పులు లేని కాళ్ళు చూసింది. కొంగుతో ముఖం తుడుచుకుంది. పెద్దమనిషితో మాట్లాడాలి కదా అన్నట్టు గొంతు సవరించుకుంది.

"బాబూ, మాకిక్కడ ఓట్లు నేవు" అంది. "నానూ ఈయనా సెన్నై పనికెలిపోనాం. ఊల్లో ఉండనేదని ఓట్లు తీసీసినారు. మీరు ఎండలో వచ్చినారు. ముందే సెప్పీడం మంచిది కదా."

వెటకారం లేదు, కోపం లేదు. మొగుడి శవం పక్కన కూర్చుని, ఒక పెద్దమనిషి శ్రమ వృథా కాకూడదని చెప్పింది, అంతే. ఎన్నేళ్ళుగానో నేను ఆయన్ని అంటున్న మాటే ఇది. కానీ ఆ ఆడమనిషి నోట వింటే నాకు సిగ్గేసింది, ఎవరి తరఫున సిగ్గుపడ్డానో తెలీదు.

మా బావ ముఖం చూశాను. ఆయన మాటలన్నీ నాకు కంఠతా వచ్చు. ఇప్పుడు ధైర్యంగా ఉండమంటాడు, నేనున్నానంటాడు, లేకపోతే ఓట్ల కోసం రాలేదమ్మా అని ఉపన్యాసం మొదలుపెడతాడు అనుకున్నాను. జోడించిన చేతులు అలాగే ఉన్నాయి. పెదాలు ఒకటి రెండుసార్లు కదిలాయి. తర్వాత చేతులు కిందికి దించేశాడు.

"నాకూ సీటు నేదులేమ్మా" అన్నాడు.

ఎవరూ నవ్వలేదు. ఆమె ఆయన్ని కాసేపు చూసింది. చూసి, చీర కుచ్చెళ్ళు దగ్గరికి తీసుకుని కొంచెం పక్కకి జరిగింది. మా బావ ఆమె దగ్గరికి వెళ్ళి, మోకాళ్ళ మీద చేతులు వేసుకుని మెల్లిగా, కష్టపడి, ఆ నేల మీద కూర్చున్నాడు. తెల్లబట్టలకి మట్టి అంటుకుంది.

శవం మీద వాలుతున్న ఈగని చేత్తో తోలాడు. అప్పుడు అడిగాడు.

"ఏటి పని సేసీవోడమ్మా?"

"సెంట్రింగు బాబూ" అంది ఆమె. అని, చెప్పడం మొదలుపెట్టింది. ఎన్ని అంతస్తుల పైన పనిచేసేవాడో, ఆదివారాలు సముద్రం దగ్గరికి తీసుకెళ్ళి ఏం కొనిపెట్టేవాడో, ఊరికి పోదాం ఊరికి పోదాం అని ఎలా అనేవాడో. మా బావ వింటున్నాడు. ఫోను జేబులోంచి తియ్యలేదు. ఆమె తొందరేమీ లేకుండా చెబుతోంది. అవతల ఆటోవాడు హారన్ కొడుతున్నాడు. నేను వెళ్ళి వాణ్ణి ఆగమని చెప్పి, వెనక్కి వచ్చి, ఆమెకి రెండో పక్కన కూర్చున్నాను.